చెన్నపట్నంలో నలుగురు జానకులు

చెన్నపట్నంతో సరిహద్దు జిల్లాల తెలుగువారికి గల సంబంధం ఈనాటిది కాదు. ఆ నగరంలో ప్రసిద్ధికెక్కిన మహిళలలో జానకి అను పేరు గలవారు ఒకరు కాదు, నలుగురున్నారు. జనకుని కుమార్తె కనుక సీతాదేవికి వచ్చిన ఈ పేరు తెలుగు, తమిళ, మలయాళ కుటుంబాలన్నింటిలోను వాడుకలో ఉన్నది. అందువలన ఒకరి పురస్కారాన్ని మరొకరికి కట్టబెట్టడం తరచుగా జరుగుతున్నది. వీరిని వేరుపరచేది పేరుకు ముందున్న మాట ఒక్కటే. ఆ వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

షావుకారు జానకి 1931 డిసెంబరు 12న రాజమండ్రిలో జన్మించారు. శంకరమంచి వారి కోడలు. వివాహమై తల్లి అయిన తరువాతనే చిత్రరంగంలో ప్రవేశించారు. విజయా సంస్థ తొలి చిత్రమైన 'షావుకారు' (1950)లో, ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో, ఎన్.టి.రామారావు సరసన కథానాయికగా నటించడంతో చిత్రం పేరే ఆమె పేరయింది. నిజానికి ఆ కథలో షావుకారు చెంగయ్య. ఆ పాత్రధారి గోవిందరాజుల సుబ్బారావు. జానకి ధరించినది పొరుగింటి రైతు బిడ్డ సుబ్బులు పాత్ర. వడ్డీ వ్యాపారి బిరుదు రైతు బిడ్డకు అంటుకొని డెబ్బది ఏండ్లు దాటినా ఊడలేదు! తమిళులకు కూడా ఆమె 'సౌకార్' జానకియే. కె.బాలచందర్ తీసిన 'ఇరు కోడుగళ్' (1969)లో ఆమె కలెక్టర్‌గా నటించగా, ఆ పాత్ర పేరు సైతం జానకి. ఆ కథనే తెలుగులో 'కలెక్టర్ జానకి' (1972)గా తీసినప్పుడు మాత్రం ఆ పాత్రను జమున ధరించారు. ఇక్కడ పొరబడేవారు చాలామంది. నటి కృష్ణకుమారి ఈమె చెల్లెలు. 2022లో పద్మశ్రీ లభించింది.

గాయని ఎస్.జానకి ఇంటిపేరు శిష్ట్లా. 1938 ఏప్రిల్ 23న రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో జన్మించి, 1957లో మద్రాసులో నేపథ్య గానం ఆరంభించారు. 'కొంజుం సలంగై' (1962)లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి దీటుగా పాడిన పాట ఆమెను దక్షిణాది అంతటా నిలబెట్టింది. ఆ చిత్రం తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వచ్చింది. జాతీయ పురస్కారాలు నాలుగు: తమిళానికి రెండు, మలయాళానికి ఒకటి, తెలుగులో 'సితార' (1984)కు ఒకటి. 2013లో ప్రకటించిన పద్మభూషణ్‌ను, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు దక్కడం లేదన్న కారణంతో ఆమె స్వీకరించలేదు.

ఒక ముచ్చట. శంకరమంచికైనా శిష్ట్లాకైనా పొడి అక్షరం 'ఎస్' కదా! 'షావుకారు' చిత్రమే లేకుంటే మద్రాసులో ఇద్దరు ఎస్.జానకులు ఉండేవారు. తెలుగువారు ఇంటిపేరును ముందుంచగా, తమిళులు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచుతారు. ఇవతల ఇంటిపేరుతో నమోదైన బిడ్డ అవతలి పాఠశాలలో చేరినప్పుడు అక్షరం మారుతుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక విధంగా, కుల ధ్రువపత్రంలో మరొక విధంగా పేరుండి కార్యాలయాల చుట్టూ తిరగడం సరిహద్దు కుటుంబాలకు తెలియనిది కాదు. చేర్పించిన నాడే రెండింటినీ సరిచూసుకొనుట మేలు.

వి.ఎన్.జానకి పేరులోని అక్షరాలు మరొక తీరువి. 'వి' పుట్టిన ఊరు వైకోం. 'ఎన్' తల్లి నారాయణి. 'వేలైక్కారి' (1949), 'మరుదనాట్టు ఇళవరసి' (1950) చిత్రాలలో నటించి, ఎం.జి.రామచంద్రన్‌ను వివాహమాడారు. ఆయన 1987 డిసెంబరు 24న మరణించగా, 1988 జనవరి 7న తమిళనాడు తొలి మహిళా ముఖ్యమంత్రి అయ్యారు. ఈ ఘనత జయలలితదని పలువురు భావిస్తారు, అది సరికాదు. శాసనసభలో కల్లోలం చెలరేగి జనవరి 30న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1989 ఎన్నికలలో ఓడిన తరువాత ఆమె రాజకీయాల నుండి తప్పుకొని, 1996 మే 19న కన్నుమూశారు. రాయపేటలోని అన్నాడీఎంకే ప్రధాన కార్యాలయం ఆమె ఇచ్చిన ఆస్తియే.

నాలుగవవారు తక్కిన ముగ్గురికన్న పెద్దవారు, మనకు తక్కువగా తెలిసినవారు. ఎడవలత్ కక్కాట్ జానకి అమ్మాళ్ 1897లో, నాటి మద్రాసు రాజధానిలోని తలశ్శేరిలో జన్మించారు. మద్రాసు క్వీన్ మేరీస్, ప్రెసిడెన్సీ కళాశాలలలో చదివి, విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో బోధించి, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి 1931లో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చెరకును మొక్కజొన్న వంటి గడ్డిజాతులతో సంకరపరచారు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోములపై బృహద్గ్రంథాన్ని వెలువరించారు. ఇంగ్లండులోని విస్లీ ఉద్యానంలో ఆమె ప్రయోగాలు చేసిన మాగ్నోలియా చెట్లలో ఒక రకానికి ఆమె పేరే పెట్టారు. తెల్లని పూలు పూసే ఆ జాతి పుట్టినిల్లు జపాను. నెహ్రూ ఆహ్వానంపై 1951లో తిరిగి వచ్చి భారత వృక్ష సర్వేక్షణ సంస్థను తీర్చిదిద్దారు. 1977లో పద్మశ్రీ లభించింది. కోయంబేడుకు పడమట ఉన్న మధురవాయల్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధన క్షేత్రంలో చివరి వరకు పనిచేసి, 1984 ఫిబ్రవరి 7న మరణించారు.

జానకి అమ్మాళ్ అనగానే గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ భార్యను తలచేవారు కూడా ఉన్నారు. ఆమె వేరు. 1920లో భర్త పోయిన తరువాత ఆమె కుట్టుపని నేర్చి, దాని ఆదాయాన్ని కూడా జీవనానికి ఆసరా చేసుకొని, ఒక బాలుని పెంచుకొని, తిరువల్లిక్కేణిలో నివసించి, 1994లో మరణించారు.