రంగం డబ్బు, బోస్టన్ చదువు

మా నాయనమ్మ ఏనాడూ రంగూన్ అనలేదు. ఆమెకు అది 'రంగం'. ఊళ్ళో ఎవరైనా 'రంగం పోయాడు' అంటే దానికి రెండు అర్థాలు ఉండేవిట. డబ్బు సంపాదించుకుని వస్తాడని ఒకటి, ఇక రాడని ఇంకొకటి.

2014లో ఒక బ్యాంకు కంప్యూటర్ల పనిమీద మా కంపెనీ నన్ను ఆ రంగానికే పంపింది. అప్పటికి ఆ ఊరు పేరు యాంగాన్‌గా మారి పాతికేళ్ళయింది. ఒక ఆదివారం నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు వెంట నడుస్తూ ఒక టీ దుకాణంలో కూర్చున్నాను. నేను ఫోనులో ఇంటికి మాట్లాడుతుంటే విన్న పక్క బల్ల పెద్దాయన, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. వాళ్ళ తాత ఆ రేవులోనే బస్తాలు మోశాడట. నాది కాకినాడ దగ్గర అనగానే, "సత్యలింగం నాయకర్ గారి కాలేజీ ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఆ కాలేజీ ముందునుంచి వెయ్యిసార్లు సైకిలు మీద వెళ్ళి ఉంటాను. ఆ పేరుకీ రంగూన్‌కీ ఉన్న సంబంధం మాత్రం ఆ రోజే తెలిసింది. ఇంజనీరింగు చదివినవాడి చరిత్ర జ్ఞానం అంతే మరి!

గోదావరి ఒక పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి రేవు ఉండేది. 1839 నవంబరు తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళందరికీ 'కోరింగీలు' అనే పేరు స్థిరపడింది. శ్రీకాకుళంవాడైనా, విశాఖవాడైనా అక్కడ కోరింగీయే. ఆ పిలుపులో గౌరవం తక్కువ, చిన్నచూపు ఎక్కువ. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బియ్యం బస్తాలు ఎత్తి ఓడల్లోకి చేర్చే కూలీల్లో మనవాళ్ళదే పెద్ద సంఖ్య. మేస్త్రీ ముందుగా అప్పిచ్చి ఊరినుంచి తీసుకువెళ్ళేవాడు. కూలి కూడా అతని చేతిమీదుగానే రావాలి. చివరికి కూలీకి దక్కేది ఎంతో మీరే ఊహించుకోండి.

ఆ తీరంనుంచే వెళ్ళి, రంగూన్‌లో ఓడల వ్యాపారంలో అపారంగా గడించినవాడు మల్లాడి సత్యలింగం నాయకర్. ఆయన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టారు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. విద్యాసంస్థలు ఆ సొమ్ముతో వచ్చినవే. ఆయన దాతృత్వానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ రేవు వ్యాపారంలో వచ్చిన ప్రతి రూపాయిలోనూ పేరులేని కూలీ వీపు కూడా ఉంటుందనే మాట ఆ టీ బల్ల దగ్గర కూర్చుంటే మరిచిపోవడం కష్టం.

ఇక బోస్టన్ సంగతి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసరుకి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. అన్న పురుషోత్తం స్ప్రూ జబ్బుతో పోయాడు. తిన్నది ఒంటబట్టక, విరోచనాలతో మనిషిని పీల్చేసే ఉష్ణదేశపు రోగం అది. ఇలాంటి జబ్బుల మీద పరిశోధన చెయ్యాలని సుబ్బారావు గారి పట్టుదల. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు దొరికింది, డబ్బు లేదు. సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మరికొంత సమకూర్చారు. 1920ల తొలినాళ్ళలో ఆయన ఓడెక్కారు.

అక్కడికి చేరాక హాయిగా చదువుకున్నారని అనుకోకండి. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళాలు ఎత్తి పొట్ట నింపుకున్నారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీద 1927, 1929లలో వచ్చిన పరిశోధనలు తరవాతి తరాల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నను తీసుకుపోయిన ఆ స్ప్రూకి తరవాత వాడిన మందు అదే. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా వాళ్ళు చేసిన పదార్థంతోనే సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్త క్యాన్సర్‌ని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. 1947లో బోదకాలు మందు హెట్రజాన్ వచ్చింది. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు.

నన్ను ఎక్కువగా ఆపేది ఆ హెట్రజానే. దాని అసలు పేరు డైఇథైల్‌కార్బమజీన్. బోదకాలును లేకుండా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మన గోదావరి పల్లెల్లోనూ, మయన్మార్‌లోనూ ఊరూరా పంచిన మాత్రల్లో అదీ ఒకటి. రంగం రేవులో పుట్టిన డబ్బు కాకినాడ మీదుగా బోస్టన్ వెళ్ళి, మాత్రగా మారి మళ్ళీ ఆ రెండు తీరాలకూ చేరింది.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. నేను యాంగాన్ వెళ్ళిన ఏడాదే, మా ఊరి తెలుగు సంఘం విద్యార్థి వేతనాల కమిటీలో ఉన్నాను. దరఖాస్తులకు మార్కులు వేసి వరస కట్టే ఫార్ములా నేనే స్ప్రెడ్‌షీట్‌లో రాశాను. డిగ్రీ మూడో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి, వేసవిలో తూర్పు గోదావరి పల్లెలకు వెళ్ళి జనం బోదకాలు మాత్రలు చేతికి తీసుకుని కూడా ఎందుకు మింగరో అడిగి తెలుసుకుంటానని రాసింది. విమానం టిక్కెట్టూ, రెండు నెలల ఖర్చూ అడిగింది. ఒక సెమిస్టరులో ఆమె గ్రేడు పడిపోయింది. నా ఫార్ములా ఆమెను అడుగుకు తోసింది. కమిటీలో ఒకాయన, "పేదపిల్లల ఫీజులైతే సరేనండీ, పరిశోధనకు మనమెందుకు?" అన్నారు. నేను నోరు మెదపలేదు. లెక్క లెక్కే కదా అనుకున్నాను.

యాంగాన్‌నుంచి వచ్చాక సుబ్బారావు గారి జీవితచరిత్ర చదివాను. ఒకరాత్రి ఆ ఫార్ములాలో ఆయన వివరాలు వేసి చూశాను. రెండుసార్లు మెట్రిక్ తప్పడం, తక్కువ డిగ్రీ, ప్రొఫెసరు సిఫారసు లేకపోవడం. నలభై ఒక్క దరఖాస్తుల్లో ఆయనది నలభై ఒకటో స్థానం.

తరవాతి సమావేశంలో గ్రేడుల గడి తీసేసి, 'నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు?' అనే ప్రశ్న పెట్టమన్నాను. గంటన్నర వాదన జరిగింది. చివరికి ఒక వేతనం వరకు ఒప్పుకున్నారు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి మళ్ళీ దరఖాస్తు పెట్టమన్నాను. "థాంక్స్ అంకుల్, కానీ ఈ మేలో గ్రాడ్యుయేషన్ అయిపోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది" అంది.