కరెంటు మీద జనానికి అనుమానం ఎందుకు?



మా బడిలో ఒకరోజు సైన్సు పాఠం చెబుతుండగా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, సోలార్ పలకలు మబ్బుల్ని తరిమేస్తాయంట, నిజమేనా?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడిది పావగడ వైపు పల్లె. ఇంట్లో పెద్దలు రచ్చకట్ట మీద అనుకునే మాటే వాడు తరగతిలో అడిగాడు.

"మబ్బులు పలకలకు భయపడవురా, వానలు తెచ్చేవి సముద్రాల మీద నుంచి వచ్చే గాలులు" అని చెప్పి కూర్చోబెట్టాను. కానీ ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఈ అనుమానం ఇవాళ్టిది కాదనిపించింది. కరెంటుకు ఎంత వయసుందో కరెంటు మీద అనుమానానికీ అంతే వయసుంది. ఆ కథ మొదలైంది కూడా మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న కోలారు గడ్డకు కరెంటు తేవడంతోనే.

1902కు ముందు కోలారు బంగారు గనుల్లో యంత్రాలన్నీ ఆవిరితో నడిచేవి. బాయిలర్లకు కట్టెలు, బొగ్గు కావాలి. బొగ్గు దూరం నుంచి రావాలి, చుట్టుపక్కల అడవి తరిగిపోతోంది. అప్పుడు మైసూరు సంస్థానంలో ఒక ఆలోచన పుట్టింది. కావేరి శివనసముద్రం దగ్గర జలపాతమై దూకుతోంది కదా, ఆ ఊపుతో కరెంటు తీసి తీగల మీద గనులకు పంపితే ఎలా ఉంటుందని. దివాను శేషాద్రి అయ్యరు దీన్ని పట్టుకున్నారు. లోత్‌బినియేర్ అనే ఇంజనీరు విదేశాలు తిరిగి వివరాలు సేకరించుకు వచ్చాడు.

శివనసముద్రానికీ కోలారుకూ మధ్య దూరం 92 మైళ్ళు. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదు. దారిలోనే సగం ఇంకిపోతుందేమో, వానకు, పిడుగుకు తీగలు తట్టుకుంటాయో లేదో అన్న అనుమానం చదువుకున్నవాళ్ళకే ఉండేది. చదువురాని రైతును ఏమని తప్పుపడతాం? బరువైన యంత్రాలను ఎడ్లతో, ఏనుగులతో లాగించారు. చివరకు 1902 జూన్‌లో గనులకు కరెంటు చేరింది. శేషాద్రి అయ్యరు ఆ దృశ్యం చూడలేదు. అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

యంత్రం పని చేస్తుందా అన్న అనుమానం అక్కడితో తీరిపోయింది. కానీ ఇంకో సంగతి ఉంది. ఆ తీగలు ఎన్నో పల్లెల పక్కనుంచి, చేల మీదనుంచి సాగిపోయాయి. ముందు వెలుగు గనులకు. తర్వాత, 1905లో, బెంగుళూరు వీధులకు. తీగ కిందున్న పల్లెలు మాత్రం దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డీతోనే కాలం గడిపాయి.

"నీళ్ళలోంచి కరెంటు తీసేస్తే ఇక వాటిలో సారమేం మిగులుతుంది? చెరకు గానుగాడించి పిప్పి మన పొలానికి వదిలినట్టే" అనే మాట మీరూ వినే ఉంటారు. ఎక్కడ జలవిద్యుత్తు వచ్చినా ఈ మాట పుట్టింది. సైన్సు ప్రకారం ఇది తప్పు. టర్బైను తీసుకునేది నీరు కిందికి పడే ఊపును మాత్రమే. నీటిలో సారం ఏమీ తగ్గదు. అయితే ఆ మాటలో నిజం బొత్తిగా లేదనీ అనలేం. వేసవిలో కావేరి సన్నబడితే శివనసముద్రం యంత్రాలకు నీళ్ళు చాలేవి కావు. ఎగువన కన్నంబాడి ఆనకట్ట తలపెట్టడానికి సాగునీటితో పాటు అదీ ఒక కారణం. ఆనకట్ట అనగానే మద్రాసు ప్రభుత్వం తంజావూరు రైతుల తరఫున అడ్డుచెప్పింది. ఆ తగవు 1924 ఒప్పందం దాకా సాగింది. సారం పోలేదు సరే, నీరు ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ఇక అణువిద్యుత్తు సంగతి. కర్ణాటకలోనే కాళీ నది ఒడ్డున కైగాలో అణు కేంద్రం కడతామన్నప్పుడు గట్టిగా వద్దన్నవారిలో కన్నడ రచయిత శివరామ కారంతు ఒకరు. జ్ఞానపీఠం అందుకున్న పెద్దాయన, ఎనభై దాటిన వయసులో 1989 లోక్‌సభ ఎన్నికల్లో పోటీకి దిగారు. ఓడిపోయారనుకోండి. కానీ 1994లో, కేంద్రం ఇంకా కడుతుండగానే, ఒకటో యూనిట్ గుమ్మటం లోపలి కాంక్రీటు పెచ్చులూడి కూలింది. ఇంధనం ఇంకా నింపలేదు కాబట్టి బతికిపోయాం. అనుమానపడ్డవాళ్ళను అమాయకులని కొట్టిపారేసినవాళ్ళు ఆ రోజు ఏమనుకున్నారో!

అదే యూనిట్ డిజైను మార్చుకుని, గుమ్మటం మళ్ళీ కట్టుకుని, 2000లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016 నుంచి 2018 చివరి దాకా 962 రోజులు ఆగకుండా నడిచి, అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. నా మట్టుకు నేను రెండు సంగతులూ పిల్లలకు చెబుతాను. ఒకటి చెప్పి ఒకటి దాచడం మాస్టారి పని కాదు. వాడేసిన ఇంధనాన్ని తరతరాలు కాపాడుకోవాలి, ఆ కాపలా ఎవరిదన్న అనుమానం మాత్రం రికార్డులతో తీరేది కాదు.

మళ్ళీ పావగడకు వద్దాం. ఉన్నది కర్ణాటకలో, చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేల. ఇళ్ళలో తెలుగు, కాగితాల్లో కన్నడం. కరువుకు పెట్టింది పేరు. అక్కడ తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు లేచింది. 2018లో కరెంటు మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ఇక్కడ ఒక మంచి పని చేశారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. వానలేక శెనక్కాయ పంట ఎండి అప్పులపాలైన రైతుకు అది చిన్న సంగతి కాదు. పొలం పేరు కూడా ఆయనదే ఉంటుంది.

మరి పొలం లేనివాళ్ళు? కలుపు తీసి, కాయలు కోసి కూలి తెచ్చుకునేవాళ్ళు, ఆ బీళ్ళలో గొర్రెలు మేపుకునేవాళ్ళు? పలకలు కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కొందరికి పని దొరికింది. అందరికీ దొరకలేదు. కంచె పడ్డాక గొర్రెలు ఎటు పోవాలి? చెట్టూ చేమా పోయి నల్లటి పలకలు పరుచుకున్న చోట వేడి పెరిగిందని వాళ్ళంటే అది సైన్సుతో కొలిచి చూడవలసిన మాట, నవ్వవలసిన మాట కాదు.

ఆ పిల్లవాడు మర్నాడు బెల్లు కొట్టాక బల్ల దగ్గరికొచ్చి ఇంకో మాట అడిగాడు. "సార్, మా మామకు అక్కడ పొలం లేదు, గొర్రెలే. ఆయనకూ కౌలు వస్తుందా?"

"రాదురా" అన్నాను. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు.