తొప్పి వినబడిన ఇల్లు

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందుగదిలో రెండు నల్లటి ప్లైవుడ్ పెట్టెలున్నాయి. ఒక్కొక్కటీ రెండడుగుల ఎత్తు. వచ్చినవాళ్ళు వాటిని పూలకుండీలు పెట్టుకునే పీటలనుకుంటారు. అమ్మ కొన్నాళ్ళు నిజంగానే వాటిమీద మనీప్లాంటు పెట్టింది. అవి స్పీకర్లు. మా కుటుంబం విన్న స్పీకర్లలో లెక్కకు ఆరోవి. వాటి కథ రాద్దామని కూర్చుంటే అది మా గడప దగ్గర ఆగలేదు. మృదంగానికి ఎడమవైపు ఒకటుందన్న సంగతి మన ఇళ్ళకు ఎప్పుడు తెలిసింది, మళ్ళీ ఎప్పుడు మరుపున పడింది అన్నదాకా పాకింది.

మృదంగానికి రెండు ముఖాలు. కుడివైపు చర్మం మీద నల్లని గుండ్రటి పూత శాశ్వతంగా ఉంటుంది. ఎడమవైపుది తొప్పి. కచేరీకి ముందు దాని నడుమ తడిపిన రవ్వముద్ద అద్దుతారు (అక్షరాలా ఉప్మారవ్వే!), కచేరీ కాగానే గీకేస్తారు. ఆ ముద్ద బరువుకు చర్మం కదలిక నెమ్మదించి, మంద్రమైన గుమ్‌కీ పలుకుతుంది. మామూలు డోలుచర్మం నుంచి వచ్చే ధ్వనులు ఒకదానితో ఒకటి పొసగవు. మన మృదంగం మాత్రం తీగవాద్యంలాగా స్వరయుక్తంగా ఎలా పలుకుతోందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవారు సి.వి.రామన్. చిన్ననాడు విశాఖపట్నంలో చదువుకున్న ఆయన, శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో దీన్ని గురించి రాశారు. 1934లో మరింత వివరంగా రాశారు. ఆ నల్లని పూతే చర్మపు అనుస్వరాలను వరసలో పెడుతోందని ఆయన తేల్చారు. మన వాద్యకారులు లెక్కలు లేకుండా చెవితో కనిపెట్టిన పని అది.

కుడివైపు పలికేదాన్ని ఎంత చిన్న స్పీకరైనా ఎలాగోలా వినిపిస్తుంది. తొప్పి అలా లొంగదు. కింది స్వరం పలకాలంటే చాలా గాలిని కదిలించాలి. అరచేతంత కాగితపు గిన్నెకు అది శక్తికి మించిన పని. పైగా ఆ గిన్నె ముందుకు తోసినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. రెండు వైపుల అలలూ అంచుచుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పెట్టెలో బిగించని స్పీకరు కీచుమనేది అందుకే. ఇక్కడ మన చెవి చేసే మాయ ఒకటుంది. మూలస్వరం వినబడకపోయినా, దాని అనుస్వరాలు వినబడితే చాలు, చెవి ఆ మూలస్వరాన్ని ఊహించి పూరించుకుంటుంది. అందువల్ల పోయినదేదో పోయిందని మనకు తెలియనే తెలియదు. ఒక్క మృదంగం నేర్చినవాడికి తెలుస్తుంది. నాన్నగారు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నారు.

గ్రామఫోను తొలిరోజుల్లో ఈ సమస్య స్పీకరు దాకా రాలేదు, రికార్డింగు దగ్గరే తేలిపోయింది. పాడేవారు ఒక కొమ్ములోకి పాడేవారు, ఆ ధ్వనిబలంతోనే మైనం మీద గీత పడేది. ఆ కొమ్ములోకి తొప్పి దిగేది కాదు. 1925లో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. మైకుతో విద్యుత్తు రికార్డింగు మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ కాగితపు శంకువు, దాని మెడకు తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉండే స్పీకరు మీద తమ పత్రం ప్రకటించారు. మన ఇళ్ళల్లో ఇవ్వాళ్టికీ మోగేది, కొద్దిపాటి మార్పులతో, ఆ స్పీకరే. నూరేళ్ళలో ఆంప్లిఫయరు వాల్వుల నుంచి చిప్పులకు, రికార్డు మైనం నుంచి మేఘాలకు ఎగబాకాయి గానీ, చివర్న కాగితాన్ని ఊపే తీగచుట్ట మాత్రం అలాగే ఉంది.

హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935లో మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948లో వచ్చింది. మా తాతగారు తెనాలిలో మర్ఫీ వాల్వు రేడియో కొన్నది 1950ల తొలినాళ్ళలో. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి వినాలి. టేకు పనితనపు పెద్ద పెట్టె, లోపల ఎనిమిదంగుళాల స్పీకరు. శక్తి చూస్తే మూడు నాలుగు వాట్లకు మించదు. దాని ధ్వని ఇవాళ్టి లెక్కన హై-ఫై కానే కాదు. మీడియం వేవ్ మీద పైస్థాయి ధ్వనులు సగంలోనే తెగిపోతాయి. చెక్కపెట్టె తనకు నచ్చిన స్వరం దగ్గర అదనంగా మూలుగుతుంది కూడా. అయినా శనివారం రాత్రి కచేరీలో తొప్పి మీద గుమ్‌కీ సాగితే ఎదురుగా ఉన్న గోడగూటిలో గ్లాసు అదిరేదట. నాన్నగారికి మృదంగం మీద మోజు కలిగింది ఆ రేడియో ముందే.

తరవాత చరిత్ర వెనక్కు నడిచింది. ట్రాన్సిస్టరు వచ్చింది. మోసుకుపోవచ్చు, కరెంటుతో పనిలేదు, పొలంలోనూ పాట వినొచ్చు. దాని మేలు చిన్నది కాదు. కానీ ఎనిమిదంగుళాల స్పీకరు మూడంగుళాలైంది, చెక్కపెట్టె ప్లాస్టిక్ డబ్బా అయింది. తొప్పి మన ఇళ్ళలోంచి లేచిపోయింది. ఎవరూ అడగలేదు, చెవి పూరించుకుంది కదా! సాంకేతిక చరిత్రలు ప్రతి కొత్త వస్తువునూ ముందడుగుగా రాసుకుంటూ పోతాయి. నాకు మాత్రం ఇంట్లో వినే సంగీతం విషయంలో 1950ల వాల్వు రేడియో నుంచి 1980ల టూ-ఇన్-వన్ దాకా ముప్ఫయ్యేళ్ళు దిగుడుమెట్లే కనిపిస్తాయి.

పాల్ఘాట్ మణి అయ్యర్ (1912-1981) ఒక దశలో మైకు పెట్టిన కచేరీలకు వాయించనని పట్టుబట్టారు. దాన్ని పెద్ద విద్వాంసుడి చాదస్తంగా చెప్పుకునేవారు కొందరు. తన ఎడమచేతి పని ఏ స్పీకరు గొంతులోంచి బయటికొస్తోందో విన్న మనిషికి ఆ పట్టుదల రావటంలో నాకు వింత కనబడదు. రాజమండ్రి కమలాకరరావుగారు ఆయన శిష్యులు. ఆ చేతివాటం గోదావరి ఒడ్డుకూ చేరింది.

మన దగ్గర స్పీకర్లు చిన్నవవుతున్న ఆ కాలంలోనే అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అన్న ఆయన చిన్న పెట్టెలో పెద్ద మంద్రం పుట్టించే దారి కనిపెట్టాడు. 1954లో. అంతకుముందు అంత కిందిస్వరం కావాలంటే బీరువాయంత పెట్టె కావలసి వచ్చేది. విల్చర్ పెట్టెను గాలి చొరనంత గట్టిగా మూసేసి, లోపల చిక్కిన గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. దీనికి వెల కూడా ఉంది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ వాట్లకే పలికే గుణం - ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. హాఫ్‌మన్ పేర చలామణీ అయ్యే సూత్రం ఇది (ఈయన పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు). నాలుగు వాట్ల రేడియోతో విల్చర్ పెట్టె పలకదు, పదుల వాట్లు పోయాలి. ఆ వాట్లు మన దేశంలో ఖరీదైనవి. దిగుమతి సుంకాలు, లైసెన్సులు, వాటిమధ్య ఇరుక్కున్న మధ్యతరగతి జీతం. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ వంటివి స్టీరియోలు తయారుచేశాయి కానీ అవి మా బోటి ఇళ్ళకు షాపు అద్దంలో చూసే వస్తువులే.

నాన్నగారు రక్షణశాఖ లెక్కల ఆఫీసులో ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి, 1983లో నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టారు. 1806 నుంచీ దండు బస ఉన్న ఊరు ఇది. చుట్టూ ఉన్న కాలనీల నిండా రిటైరైన సైనికులు. క్యాంటీన్లో కొన్నవో, దేశాలు తిరిగి తెచ్చుకున్నవో, వాళ్ళ ఇళ్ళల్లో మంచి సెట్లుండేవి. కాస్త దూరంలో 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. ఉంది, వాళ్ళ ఇ.సి. టీవీ మా వీధిలో సగం ఇళ్ళలో మోగేది. మా ఇంట్లో కువైట్ నుంచి చిన్నాన్న తెచ్చిన టూ-ఇన్-వన్. తొంభైలలో "వెయ్యి వాట్లు పి.ఎం.పి.ఓ." అని మొహాన రాసుకున్న ప్లాస్టిక్ మ్యూజిక్ సిస్టమ్ ఒకటి వచ్చింది. ఆ లెక్కన మా వంటింటి మిక్సీ కన్నా దానికే బలం ఎక్కువ కావాలి. వెనక చీటీ చూస్తే అది గోడనుంచి తాగే కరెంటే యాభై వాట్లు! దాని మంద్రం "ధబ్ ధబ్" అని ఒకే స్వరం. నాన్నగారు దాన్ని ఒక్క కచేరీకి విని, "ఇది తొప్పి కాదురా, బస్తా కొడుతున్నారు" అన్నారు.

2000లలో కొన్నేళ్ళు వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో మమ్మల్ని ఆదుకుంది. అందులో తెలుగువారికోసం 'స్పందన' ఉండేది, కర్ణాటక సంగీతానికి వేరే ఛానలు. ధ్వని శుభ్రంగా వచ్చేది, చివరన మా స్పీకర్లే పాతవి. 2009 చివరికి ఆ సేవ మనదేశంలో ఆగిపోయింది. అప్పుడు నాకు పట్టింది పంతం.

పక్కవీధి మేజరుగారు కొడుకు దగ్గరికి విదేశం వెళ్తూ తన పాత స్పీకర్లు నాకు అమ్మారు. విల్చర్ పద్ధతివే. ఇంటికి తెచ్చి ముందు గుడ్డ తీస్తే, గిన్నె చుట్టూ ఉండవలసిన స్పాంజి అంచు వేలు తగలగానే బూడిదలా రాలిపోయింది. డెబ్బయి ఎనభైలలో ఈ స్పాంజి అంచులు విరివిగా వాడారు. పదిహేను ఇరవయ్యేళ్ళలో అవి వాటంతటవే చివికిపోతాయి. ఒక దుకాణంలో మరమ్మత్తుకిస్తే బిరుసైన గుడ్డ అంచు అతికించి పంపారు. చూడటానికి బావుంది, పలకటం మానేసింది. అంచు బిరుసెక్కితే గిన్నె సహజంగా ఊగే స్వరం పైకి జరుగుతుంది, దాని దిగువన ఉన్నదంతా ఎండిపోతుంది. రవ్వముద్ద ఎండిన తొప్పికి పట్టే గతి సరిగ్గా ఇదే.

చివరికి కోఠీ గుజరాతీ గల్లీలో ఎనిమిదంగుళాల వూఫర్లు రెండు, ట్వీటర్లు రెండు కొన్నాను. పెట్టె కొలతల లెక్కకు ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో వేసిన బాట ఉండనే ఉంది. స్పీకరు గుణాలు మూడు తెలిస్తే దానికి ఎంత గాలి గల పెట్టె కావాలో కాగితం మీదే తేలుతుంది. మా వీధి వడ్రంగి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి, ఫెవికాల్ పెట్టి బిగించాడు. "సార్, ఎక్కడా సందు లేకుండా చేస్తే లోపల ఏం దాస్తారు?" అని అడిగాడు. గాలి అన్నాను. ఇక గది తన వాటా తను అడిగింది. పన్నెండడుగుల పొడవు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది. మూలకు నెడితే మూలుగు, బాగా ముందుకు లాగితే నీరసం. గోడకు అడుగున్నర దూరంలో సుద్దముక్కతో గీత గీసి పెట్టుకున్నాను. అమ్మ ముగ్గనుకుని ఎవరూ తొక్కకుండా చూసింది.

2011 సంక్రాంతికి అన్నీ బిగించి, 1960ల నాటి కచేరీ సీడీ ఒకటి పెట్టాను. నాన్నగారికి అప్పటికి డెబ్బయి మూడేళ్ళు. వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. తని ఆవర్తనం మొదలైన కాసేపటికి ఆయన ఎడమ అరచెయ్యి కుర్చీ చేతిమీద కదలటం చూశాను. వేళ్ళు కాదు, అరచేతి మడమ. గుమ్‌కీ సాగదీసేది దానితోనే.

"తొప్పి వినబడుతోందిరా," అన్నారు. ఆ తరవాత కాసేపాగి, "కానీ వీళ్ళు తంబురాకి జీవాళి సరిగ్గా పెట్టుకోలేదు," అన్నారు.

జీవాళి దారం తీగకూ గుర్రానికీ మధ్య ఉండి తంబురాకు ఆ మిలమిలలాడే పైస్వరాలనిస్తుంది. రికార్డులో అది నిక్షేపంగా ఉంది, నాకు గది నిండా వినిపిస్తోంది. వయసు మీదపడిన చెవి పైస్వరాలనే ముందు వదులుకుంటుందని నేను చదివి ఉన్నాను. ఆ మాట ఆయనతో అనలేదు. "పాత రికార్డింగు కదండీ," అని, లేచి ట్రెబుల్ మీట మూడు గీతలు పైకి తిప్పాను. నా చెవుల్లో ఝుమ్మంది. అమ్మ వంటింట్లోంచి ఏమిటా రొద అంది.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది," అన్నారాయన.

ఆ మీట ఇప్పటికీ అక్కడే ఉంది.