పిచ్చాసుపత్రి కూలీలు

స్కిజోఫ్రీనియా చరిత్రను మనం వైద్యుల చరిత్రగానే చదువుతూ వచ్చాం. క్రేపెలిన్ దాన్ని కోలుకోలేని బుద్ధిక్షయంగా వర్ణించాడు. బ్లాయిలర్ 1908లో ఇప్పటి పేరు పెట్టాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ వాడకం మొదలైంది. ఈ కథలో రోగి ఎప్పుడూ మంచం మీదే ఉంటాడు. అతనికి ఉండటానికి ఇల్లుందా, చేతిలో తన సంపాదన ఉందా, అతని సంతకానికి విలువుందా అన్నవి దీనికి బయటి ప్రశ్నలు. ఆ ప్రశ్నలనే ముందుకు తెచ్చిన చోటు ఇటలీ ఈశాన్య కొసన ఉన్న రేవు పట్టణం ట్రియెస్టె.

1971 ఆగస్టులో ఫ్రాంకో బసాలియా అక్కడి సాన్ జొవాన్ని ఆసుపత్రికి డైరెక్టరుగా వచ్చేనాటికి లోపల దాదాపు 1,200 మంది ఉన్నారు. కొత్త మందు వచ్చి అప్పటికి 19 ఏళ్లు. ఈ అంకెల దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. మందు భ్రమలను తగ్గిస్తుంది, చెవిలో మాట్లాడే గొంతులను అణుస్తుంది. అది చిన్న మేలు కాదు, బసాలియా కూడా దాన్ని కాదనలేదు. కాని గొంతులు ఆగిన మనిషి కూడా లోపలే ఉండిపోయాడంటే, అతన్ని పట్టి ఉంచింది జబ్బొక్కటే కాదన్నమాట.

పట్టి ఉంచినవాటిలో మొదటిది చట్టం. ఇటలీలో 1904 నాటి శాసనం దృష్టిలో పిచ్చివాడు తనకో ఇతరులకో ప్రమాదకారి, లేదా నలుగురిలో అప్రతిష్ఠకు కారకుడు. ఆసుపత్రిలో చేరినవాళ్ల వివరం నేరచరిత్ర రిజిస్టరుకెక్కేది. 1968 సవరణతోగాని అది పోలేదు. మన దేశానికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన 1912 లూనసీ చట్టం కూడా ఈ కోవలోదే. వీధిలో తిరిగే ప్రమాదకరమైన పిచ్చివాణ్ణి పోలీసు పట్టుకుంటాడు, మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద ఆసుపత్రికి పంపుతారు. రెండుచోట్లా వైద్యుడి కంటే ముందు నిలబడింది పోలీసే.

రెండోది శ్రమ. దీని గురించి వైద్య గ్రంథాలు చెప్పేది తక్కువ. ఆసుపత్రి వార్డులు ఊడ్చింది, బట్టలుతికింది, వంటశాలలో చాకిరీ చేసింది చాలావరకు రోగులే. దాని పేరు పని చికిత్స. ప్రతిఫలం సిగరెట్లు, కొద్దిపాటి చిల్లర. పనిచేయగలిగిన మనిషే బయట బతకలేనివాడు ఎలా అయ్యాడో ఆ చికిత్స ఎన్నడూ చెప్పలేదు.

ఇక్కడ ఒక గుర్రం ప్రస్తావన తప్పదు. ఆసుపత్రి బట్టల బండిని ఏళ్ల తరబడి లాగిన మార్కో కవాల్లో అనే గుర్రం ముసలిదైంది. అధికారులు దాన్ని కబేళాకు అమ్మబోతే, చంపవద్దని, విశ్రాంతి ఇవ్వమని 1972లో రోగులు అర్జీ పెట్టుకున్నారు, నెగ్గారు. చాకిరీ చేసిన జీవికి హక్కులుంటాయని గుర్రం విషయంలో ఒప్పించినవాళ్లు, ఆ మాట తమకూ వర్తిస్తుందని గ్రహించడానికి ఎంతో కాలం పట్టలేదు. 1972-73లో వాళ్లు సహకార సంఘం పెట్టుకుని, అంతకుముందు సిగరెట్లకు చేసిన ఆ ఊడ్పు పనినే కాంట్రాక్టుగా తీసుకున్నారు. యూనియన్ ఒప్పందం ప్రకారం కూలి. చేతిలో చీపురు మారలేదు. దాన్ని పట్టుకున్న మనిషి మాత్రం రోగి నుంచి కార్మికుడయ్యాడు. 1973 ఫిబ్రవరిలో ఖాళీ అయిన ఒక వార్డులో రోగులు, కళాకారులు కలిసి కర్రతో, కాగితపు గుజ్జుతో పెద్ద నీలి గుర్రాన్ని చేశారు. తీరా ఊళ్లోకి తీసుకుపోదామంటే అది తలుపు పట్టలేదు. తలుపు పగలగొట్టి ఊరేగించారు. పత్రికలు ఈ గుర్రాన్ని బాగా గుర్తుపెట్టుకున్నాయి, కూలి ఒప్పందాన్ని మరిచిపోయాయి. నా దృష్టిలో చరిత్రను మలుపు తిప్పింది ఆ ఒప్పందమే.

మూడోది ఇల్లు. డిశ్చార్జి అయినా పోవడానికి చోటులేని వాళ్లను బసాలియా 'అతిథులు'గా ఆవరణలోనే ఉండనిచ్చాడు. వాళ్లు రోగులు కారు, వాళ్ల గదుల మీద నిర్బంధం లేదు. తర్వాత చిన్న చిన్న బృందాలుగా ఊళ్లో అద్దె ఇళ్లకు మారారు. 1975 నుంచి పేటల్లో కేంద్రాలు తెరిచారు. క్రమంగా అవి రాత్రింబగళ్లు నడిచేవయ్యాయి, ఒక్కోదానిలో కొద్ది పడకలే. అంటే స్వతంత్రంగా బతకడమంటే ఒంటరిగా వదిలేయడం కాదు. జబ్బు తిరగబెట్టిన రాత్రి తట్టడానికి దగ్గరలో ఒక తలుపుండాలి.

ప్రత్యర్థుల వాదన పట్టించుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 1968లో, అంతకుముందు బసాలియా పనిచేసిన గొరీట్సియా ఆసుపత్రి నుంచి ఒక రోజుకు ఇంటికి వెళ్లిన రోగి భార్యను చంపాడు. బసాలియా మీద కేసు నడిచింది, కోర్టు నిర్దోషిగా వదిలింది. ఆ స్త్రీ ప్రాణం మాత్రం పోయింది. దీన్ని దాచి ఉద్యమ చరిత్ర రాస్తే అది ప్రచారమవుతుంది. అయితే ఒక హత్యకు 1,200 మంది యావజ్జీవం సమాధానమా?

వీళ్లు కోలుకోరన్న పాత నమ్మకాన్ని అమెరికాలోని వర్మాంట్ పరిశీలన కూడా దెబ్బతీసింది. 1950లలో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి వెనుక వార్డుల నుంచి పునరావాస కార్యక్రమంతో బయటికొచ్చిన వాళ్లను మూడు దశాబ్దాల తర్వాత కోర్ట్నీ హార్డింగ్ బృందం వెతికి పట్టుకుంది. సగానికి పైగా కోలుకున్నారనో, చాలా మెరుగుపడ్డారనో 1987లో ప్రకటించింది.

1978 మే 13న ఇటలీ 180వ చట్టం చేసింది. కొత్త పిచ్చాసుపత్రులు కట్టకూడదు, ఉన్నవాటిని క్రమంగా ఖాళీ చేయాలి. 1980లో బసాలియా చనిపోయాడు. చట్టం దేశమంతటిదే అయినా ట్రియెస్టెలో దాని కింద కేంద్రాలున్నాయి, ఇళ్లున్నాయి, కూలి ఉంది. అవి లేని ప్రాంతాల్లో భారమంతా కుటుంబాల మీద, అంటే ఎక్కువగా తల్లులమీద, భార్యలమీద పడింది. స్వేచ్ఛ పేరుతో ప్రభుత్వం ఖర్చు తప్పించుకునే వీలు అక్కడ కనిపించింది.

మన దగ్గర 1912 చట్టాన్ని తొలగించిన 1987 చట్టం అమలులోకి వచ్చింది 1993లో. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న మనుషులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం 19వ సెక్షన్ సమాజంలో బతికే హక్కునిచ్చింది. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో, బయట సదుపాయం లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయరాదంది. అదే ఏడాది, నయమై కూడా ఆసుపత్రుల్లో మిగిలిపోయిన వాళ్ల పునరావాసం గురించి సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలివ్వవలసి వచ్చింది. ఆ సెక్షన్‌లో ఇంటి మాట ఉంది, కూలి మాట లేదు.