పులిజూదం: గమన నియమాలు, చరిత్ర

పులిజూదం ఇద్దరు ఆడే యుద్ధక్రీడ. పల్లెల్లో దీన్నే పులి–మేక ఆట అంటారు. ఇందులో ఒకరు 3 పులులను, మరొకరు 15 మేకలను నడుపుతారు. పాచికలు, గవ్వలు లేనందువల్ల గెలుపోటములు పూర్తిగా కాయల గమనం మీదే, అంటే ఏ కాయ ఎటు జరగవచ్చు, దేన్ని దాటవచ్చు, ఎక్కడ వాలవచ్చు అన్న నియమాల మీదే ఆధారపడతాయి. రాయలసీమ పడమటి అంచున, తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఈ ఆట విస్తరించిన భూభాగానికి నడుమ ఉంది; కన్నడనాట దీన్ని ఆడు హులి ఆట అనీ, తమిళనాట ఆడు పులి ఆట్టం అనీ అంటారు. ప్రత్యేకంగా బల్ల అక్కరలేదు. నాపరాతి అరుగు మీద సుద్దతోనో బొగ్గుతోనో గీతలు గీసి, పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు పెట్టుకుంటే సరిపోతుంది.

పటంలో ఒక శిఖరం నుంచి నాలుగు ఏటవాలు గీతలు కిందికి దిగి పాదరేఖను చేరతాయి. వాటిని మూడు అడ్డగీతలు ఖండిస్తాయి, ఆ అడ్డగీతల కొసలను ఇరువైపులా ఒక్కో నిలువుగీత కలుపుతుంది. గీతలు కలిసే చోట్లను, వాటి కొసలను కూడళ్లుగా లెక్కిస్తారు: శిఖరం ఒకటి, అడ్డగీతకు ఆరు చొప్పున 18, పాదరేఖ మీద 4, మొత్తం 23. పులులు మొదటినుంచీ పటం మీదే ఉంటాయి; చాలాచోట్ల ఒకదాన్ని శిఖరాన, మిగిలిన రెండింటిని దాని కింది గీత మీద నిలుపుతారు. మేకలు మాత్రం ఎత్తుకు ఒకటి చొప్పున పటంలోకి వస్తాయి, పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలరాదు. ఒక్క మేకా చావకుండా అన్నీ దిగితే 18 కాయలకు 23 కూడళ్లలో ఖాళీగా మిగిలేవి ఐదే. అక్కడి నుంచి ఆట ఊపిరాడనంత ఇరుకవుతుంది.

గమనం రెండు విధాలు. మొదటిది జరగడం: పులి అయినా మేక అయినా గీత వెంట పక్కనున్న ఖాళీ కూడలికి మాత్రమే వెళ్లగలదు. రెండవది దూకడం, ఇది పులికే చెల్లుతుంది: పక్క కూడలిలో మేక ఉండి, అదే గీత మీద దాని అవతలి కూడలి ఖాళీగా ఉంటే పులి ఆ మేకను దాటి వాలుతుంది, మేక పటం నుంచి తొలగిపోతుంది. వరుసగా రెండు మేకలుంటే దూకడానికి వీలులేదు. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టన్నది ఊరినిబట్టి మారుతుంది. మూడు పులులనూ కదలనీయకుండా కట్టేస్తే మాత్రం ఎక్కడైనా గెలుపు మేకలదే.

ఈ నియమంలో అసలు బలం వాలే చోటుది. పులి ఎంత దగ్గరికి వచ్చినా అవతల కూడలి లేనిచోట మేకకు ప్రాణభయం లేదు. పటాన్ని జాగ్రత్తగా చూస్తే అలాంటి కూడళ్లు ఏడు కనిపిస్తాయి: శిఖరం, పై అడ్డగీత రెండు కొసలు, కింది అడ్డగీత రెండు కొసలు, పాదరేఖ రెండు మూలలు. అక్కడికి వచ్చిన ప్రతి గీతా అక్కడితోనే ఆగిపోతుంది కనుక వాటిలో ఉన్న మేకను దాటి వాలే దారి పులికి ఉండదు. నడి అడ్డగీత కొసలు చూపుకు అంతే భద్రంగా కనిపించినా అవి నిలువుగీతకు మధ్యన ఉంటాయి, అక్కడ మేక పైనుంచి కిందికి దూకే పులికి చిక్కుతుంది. ఈ తేడా తెలిసినవారు మేకలను మూలల నుంచి దింపుకుంటూ వస్తారు, తెలియనివారు మొదటి నాలుగైదు ఎత్తుల్లోనే రెండు మేకలు పోగొట్టుకుంటారు.

ఆట వయస్సును నిర్ణయించడం కష్టమే. ఆదోని దుర్గం విజయనగర రాజ్యంలో భాగంగా ఉన్న కాలపు రాజధాని హంపిలో మండపాల నేలబండల మీద ఇలాంటి ఆటగీతలు చెక్కి ఉన్నాయి. అయితే నేల పరిచాక ఎప్పుడైనా ఎవరైనా చెక్కి ఉండవచ్చు కనుక మండపం తేదీని ఆటకు అంటగట్టడం సరికాదు. ఇదే కుటుంబానికి చెందిన చిరుతపులుల ఆటను సింహళంలో హెన్రీ పార్కర్ 1909లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు. నేపాల్‌లోని బాఘ్‌చాల్‌లో 25 కూడళ్ల చదరం మీద 4 పులులు, 20 మేకలు తలపడతాయి. ఇరుపక్షాలూ తప్పు లేకుండా ఆడితే అది సమంగా ముగుస్తుందని కంప్యూటర్ గణనతో నిరూపించారు.

చదరంగం చరిత్రకు రాతపూర్వక ఆధారాలు ఎక్కువ. 12వ శతాబ్దిలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో చదరంగ వినోదాన్ని వర్ణించాడు. పులిజూదంలో లేని మూడో గమనం చదరంగంలో ఉంది: దారి ఖాళీగా ఉన్నంతమేరా ఒకే ఎత్తులో ఎన్ని గడులైనా జారిపోవడం. ప్రాచీన ఆటలో ఈ శక్తి రథానికే ఉండేది, మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. మంత్రికీ శకటుకీ నేటి దూరగమనం 15వ శతాబ్ది చివర ఐరోపాలో వచ్చింది. జారే కాయను దారిలో అడ్డుపెట్టి ఆపవచ్చు, దూకే పులిని మాత్రం వాలే చోటు మూసే ఆపాలి.

గీతలనూ గడులనూ వదిలి దూరాన్ని కొలతతో లెక్కించే పద్ధతి ప్రష్యా సైనికాధికారుల యుద్ధక్రీడ క్రీగ్‌స్పీల్‌తో 19వ శతాబ్ది ఆరంభంలో బలపడింది. ఆ వరుసలోనే 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. ఇందులో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి ఆ పాత్ర తరఫున పోరాడతారు. ఇక్కడ పటానికి ఎత్తు కూడా తోడవడంతో తేలుతూ దిగడం అనే గమనానికి చోటు దొరికింది. 2018 నాటి ఒక అనుబంధ గ్రంథంలో టేకు చేప రెక్కల వంటి అవయవాలున్న పాత్ర పడిపోతున్నప్పుడు దిగే ప్రతి అడుగుకు రెండు అడుగుల దాకా అడ్డంగా సాగవచ్చు. అంటే 40 అడుగుల గోడ మీదనుంచి జారితే 80 అడుగుల అవతల వాలవచ్చు. మామూలుగా 10 అడుగులకు ఒక పాచిక చొప్పున తగిలే దెబ్బను లెక్కించేటప్పుడు ఆ పాత్ర పతనంలోంచి 100 అడుగుల దాకా తీసివేయవచ్చు. ఇది ఎగరడం కాదు, ఎందుకంటే పోగొట్టుకున్న ఎత్తు తిరిగి రాదు. అందువల్ల అలాంటి పాత్రను ఎదుర్కొనేవారు దాని దారికి అడ్డం నిలవడం కన్నా అది గోడ ఎక్కకముందే నేల మీద నిలిపివేయడానికి ప్రయత్నిస్తారు.