చారులత: చెదరిన గూడు

1901లో రవీంద్రనాథ ఠాకూరు 'నష్టనీడ్' కథ 'భారతి' అను వంగ పత్రికలో వెలువడినది. చెదరిన గూడని ఆ పేరునకు అర్థము. 1964లో సత్యజిత్ రాయ్ దానినే 'చారులత' చిత్రముగా మలచినారు.

కాలము 1880 ప్రాంతము, స్థలము కలకత్తా. భూపతి ధనికుడు, సజ్జనుడు. ఆయన ధ్యాస యంతయు తాను నడపు ఆంగ్ల రాజకీయ పత్రికపైననే. ఇంగ్లండులో ఉదారపక్షము గెలిచినదని తన యింట వేడుక జరుపును. ఆ యింటనే యున్న భార్య ఒంటరితనము ఆయనకు తెలియదు. చిత్రారంభమున చారులత దుర్భిణితో కిటికీల గుండా వీధిని చూచుచుండును. భర్త ప్రక్కగానే నడచిపోయినను ఆమెను గమనింపడు. ఆమె ఆయనను సైతము దుర్భిణితోనే చూచును.

ఆమెచేత రచనలు చేయింపుమని మరిది అమల్‌ను కోరినవాడును భూపతియే. సాహిత్య గోష్ఠి క్రమముగా అనురాగమైనది. ఆమె దానిని నోరువిడిచి చెప్పదు, అమల్ గ్రహించును. ఇంతలో చారులత సోదరుడు పత్రిక ధనమును అపహరించి భూపతిని వంచించును. అన్నకు మరియొక ద్రోహము జరుగరాదని అమల్ ఇల్లు విడుచును. అతని జాబు చూచి విలపించు భార్యను భూపతి కన్నులార చూచును.

ఇందు దుష్టులని చారులతను గాని, అమల్‌ను గాని, భూపతిని గాని మనము దూషింపలేము. కనుకనే ఈ కథ మనలను బాధించును. చివర దంపతులు చేతులు చాచుదురు. అవి కలియకమునుపే దృశ్యము నిలిచిపోవును. తెరపై 'నష్టనీడ్' అను పేరు కనిపించును.