మక్కా మసీదు: 77 ఏళ్ల కట్టడం

ఒక్క రాయి. దాన్ని గని నుంచి పెకలించడానికే ఐదేళ్లు పట్టిందట. ఐదారు వందల మంది ఎడతెగకుండా పనిచేశారట. దాన్ని ఊళ్లోకి లాక్కురావడానికి 1,400 ఎడ్లు కావలసి వచ్చాయట. 17వ శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ సంగతి రాసిపెట్టాడు. మసీదును ఆయన ‘పగోడా’ అన్నాడు. మాట పొరపాటే గాని, కళ్లారా చూసిన పనికి విస్తుపోయాడని ఆ రాత చెబుతుంది. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న మక్కా మసీదులో, ప్రార్థన దిక్కును చూపే మిహ్రాబ్ రాయి అది.

మసీదుకు 1617లో పునాది పడింది. వేయించినవాడు హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ అల్లుడు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా. పని అజమాయిషీ మీర్ ఫైజుల్లా బేగ్‌, రంగయ్య చౌదరి అనే ఇద్దరిదని చెబుతారు. సుల్తానుల పేర్లు ఎవరైనా చెబుతారు. రంగయ్య పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

1626లో సుల్తాను కన్నుమూశాడు. గోడలింకా లేస్తూనే ఉన్నాయి. తర్వాతి సుల్తాను అబ్దుల్లా కాలం గడిచింది. రామదాసును చెరలో పెట్టిన తానీషా కాలమూ గడిచింది. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. చివరికి 1694లో, కోట గెలిచిన ఔరంగజేబు ఏలుబడిలోనే పని ముగిసింది. ఓడినవారు మొదలుపెట్టినదాన్ని గెలిచినవారు పూర్తిచేశారు. అంత పెద్ద కట్టడానికి మీనార్లు పొట్టిగా కనిపించడానికి కారణం, చివర్లో పని తొందరగా ముగించడమేనంటారు.

మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమానులో వాడారని ప్రతీతి. పేరు అలా వచ్చింది. 75 అడుగుల ఎత్తున్న లోపలి హాల్లో ఏకకాలంలో పది వేల మంది నమాజు చేయవచ్చు. రంజాను చివరి శుక్రవారం ఆ వరసలు ఆవరణ దాటి చార్మినార్ దాకా సాగుతాయి. ఆవరణలో ఒక పక్క నిజాముల సమాధులున్నాయి.

గోడలకు గ్రానైటు బలం ఉంది. చిక్కంతా పైకప్పుతోనే. సున్నపు పూత పగిలితే వాననీరు లోపలికి దిగుతుంది. పగులులో గింజ పడి రావి మొలిస్తే దాని వేరు రాళ్లను విడదీస్తుంది. కారినప్పుడల్లా పాత పొర మీదే కొత్త పొర వేస్తే కప్పుకు బరువు పెరుగుతుందే తప్ప కారడం ఆగదు. సిమెంటు పూస్తే మరీ ముప్పు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, పాత సున్నం లోలోపలే పొడిపొడి అవుతుంది. ఇలాంటి కట్టడాలకు గానుగ సున్నమే మందు. మన మేస్త్రీలు అందులో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. మక్కా మసీదు పైకప్పు మరమ్మతులకు 2017లో ప్రభుత్వం రూ.8 కోట్లకు పైగా ఖర్చుతో పని మొదలుపెట్టింది. ఆలస్యంగానైనా మంచి పని.

అయితే ఒకసారి బాగుచేసి వదిలేస్తే చాలదు. ఏటా తొలకరికి ముందే కప్పెక్కి చూడాలి, మొలకలు పీకాలి, నీటి దారులు శుభ్రం చేయాలి. గానుగ సున్నం పాకం తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ఆ పనివాళ్లను పిలిచి, నెలజీతమిచ్చి, పక్కన కుర్రవాళ్లను పెట్టి నేర్పించే ఏర్పాటు ప్రభుత్వం వెంటనే చేయాలి.